టీ కప్పు నుంచి రంగుల సుడి దాకా

హైదరాబాద్‌లోని మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో రిసెప్షన్ గోడల మీద నైరూప్య చిత్రాలు తరచుగా కనిపిస్తాయి. నీలంలోకి కరిగిపోతున్న నారింజ, మధ్యలో వెండి మెరుపు, అంచుల్లో నల్లని వలయాలు. మెడలో ట్యాగ్ వేసుకుని లిఫ్టు వైపు పరుగెత్తేవాళ్లు వాటి ముందు ఆగరు. ఆ బొమ్మలు ఎలా పుడతాయో తెలిస్తే మాత్రం ఒక్క నిమిషమైనా ఆగుతారు. అలాంటి బొమ్మకు మూలం ఒక స్టీలు గ్లాసు కావచ్చు, సగం కోసిన నిమ్మకాయ కావచ్చు, కిటికీ పక్కన పెట్టిన ఇరానీ చాయ్ కప్పు కావచ్చు. కదలని వస్తువును మామూలుగా ఫోటో తీసి, కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో దాన్ని వంచి, సాగదీసి, దాని మీద దాన్నే పరిచి, చివరికి వస్తువు ఆనవాలు మిగలకుండా చేసే కళ ఇది. పగలంతా కోడ్ రాసే ఊళ్లో దీనికి చోటు దొరకడం సహజమే. అయితే దీని పుట్టుక సాఫ్ట్‌వేర్‌తో మొదలు కాలేదు. దీని వేర్లు ఫోటోగ్రఫీ అంత పాతవి. ఆ దారిలో తెలుగువాళ్ల అడుగులూ ఉన్నాయి.

తొలి కెమెరాలకు కదలని వస్తువే దిక్కు. వెలుగు పలక మీద ముద్ర వేయడానికి నిమిషాలకు నిమిషాలు పట్టేది. మనిషి అంతసేపు బిగుసుకుని కూర్చోలేడు, గిన్నె కూర్చోగలదు. 1837లో ఫ్రాన్స్‌లో లూయీ డాగేర్ తన పనిగది మూలలో ప్లాస్టరు బొమ్మలు, గుడ్డలు పేర్చి తీసిన ఫోటో ఇప్పటికీ ఉంది. ఇంగ్లండులో హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1844 నుంచి 1846 దాకా భాగాలుగా వెలువరించిన ‘ది పెన్సిల్ ఆఫ్ నేచర్’లో 24 ఫోటోలు ఉన్నాయి. అందులో ఒకటి అరల్లో బారులు తీరిన పింగాణీ సామాను, మరొకటి గాజు సామాను, చివరిది పళ్లు. ఈ సామానును దొంగ ఎత్తుకుపోతే ఫోటోను కోర్టులో సాక్ష్యంగా చూపించవచ్చని పింగాణీ బొమ్మకు టాల్బట్ వ్యాఖ్య రాశాడు. కప్పుకు కప్పు, సాసరుకు సాసరు లెక్క అప్పజెప్పడమే ఆనాటి ఫోటో పని. మన దగ్గర ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ తీసిన ప్యాలెస్ గదుల్లోనూ అదే చూపు. షాండ్లియర్లు, కుర్చీలు, భోజనపు బల్లలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు, ఒక్కటీ తప్పిపోకుండా.

ఆ సాక్ష్యాన్ని కావాలని చెరిపేసినవాడు పాల్ స్ట్రాండ్. 1916 వేసవిలో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం ట్విన్ లేక్స్‌లో వంటింటి గిన్నెలు ముందు పెట్టుకుని, కెమెరాను బాగా దగ్గరికి జరిపాడు. ఒక గిన్నె అంచు, దాని మీద పడిన నీడ, పక్క గిన్నె కడుపు మాత్రమే చట్రంలోకి వచ్చాయి. ఏది పైన, ఏది కింద అన్నది తెలియదు. గిన్నెలన్న సంగతి తెలియడానికి కాసేపు పడుతుంది. ఐరోపాలో చిత్రకారులు పికాసో, బ్రాక్ కుంచెలతో చేస్తున్న పనిని స్ట్రాండ్ రోజూ కడిగే గిన్నెలతో చేసి చూపించాడు. ఈ కళకు ఒక పుట్టినరోజు పెట్టమంటే నేను ఆ వేసవినే చూపిస్తాను.

మరుసటి ఏడాది లండన్‌లో ఆల్విన్ లాంగ్డన్ కోబర్న్ ఇంకో అడుగు వేశాడు. మూడు అద్దాలను త్రికోణంగా బిగించి, వాటి మధ్య నుంచి స్ఫటికాలను, చెక్కముక్కలను ఫోటో తీశాడు. ఒక్క ముక్క పది ముక్కలై, కోణాలు కోణాల్లోకి దూసుకుపోయాయి. వాటికి ‘వోర్టోగ్రాఫ్’లని పేరు పెట్టి 1917లో ప్రదర్శించాడు. అద్దాల కిటుకు కొత్తదేమీ కాదు. సరిగ్గా వందేళ్ల ముందు, 1817లో, స్కాట్లండ్ శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ కలైడోస్కోప్‌కు పేటెంటు తీసుకున్నాడు. మన తిరనాళ్లలో పిల్లలు కొనుక్కున్న అట్టగొట్టాలు దాని సంతానమే. వాటిలో వేసేవి పగిలిన గాజుముక్కలు. చేతి గాజు పనికిరాకుండా పోయాక నక్షత్రాలై తిరగడం చూసిన పిల్లలకు ఈ కళ సూత్రం ఎవరూ నేర్పక్కర్లేదు. వస్తువు అక్కడే ఉంది, దాని పేరే పోయింది.

1930లో ఎడ్వర్డ్ వెస్టన్ తీసిన ‘పెప్పర్ నంబర్ 30’లో అద్దాలు కూడా లేవు. ఒక బెంగళూరు మిరపకాయను రేకు గరాటులో కూర్చోబెట్టాడు. గరాటు లోపలి గోడల నుంచి తిరిగి వచ్చిన వెలుగు కాయ మడతల్లోకి జారింది. చూసేవాళ్లకు ఒకసారి కండలు తిరిగిన వీపు కనిపిస్తుంది, ఒకసారి ఒకరినొకరు పెనవేసుకున్న ఇద్దరు మనుషులు కనిపిస్తారు. బొమ్మ సగం కెమెరా మీట నొక్కకముందే తయారవుతుందని ఈ ఒక్క ఫోటో చాలు చెప్పడానికి.

ఇక్కడ కృష్ణారెడ్డిని తలచుకోకుండా ముందుకు వెళ్లలేను. ఆయన ఫోటోగ్రాఫర్ కాదు, ప్రింట్ కళాకారుడు. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ నడిపిన ప్రింట్ వర్క్‌షాపు ‘అటెలియే 17’కు చేరారు. అక్కడ ఆయన, తోటి కళాకారులు సాధించిన పద్ధతిలో ఒకే లోహపు పలక మీద అనేక రంగులు పరుస్తారు. రంగుల్లో నూనె పాళ్లు మారుస్తారు. చిక్కటి రంగు, పలుచటి రంగు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. గట్టి రోలరు పలక పైభాగాన్నే తాకితే, మెత్తటి రోలరు లోతుల్లోకి దిగుతుంది. పలకను ఒక్కసారి కాగితం మీద అద్దితే రంగులన్నీ కలిసి వస్తాయి. ఆకు, అల, నీటి సుడి వంటి వాటిని తదేకంగా చూసి, వాటి ఆకారం వదిలేసి కదలికను మాత్రం పలకలో చెక్కేవారు. ఆయన ‘వర్ల్‌పూల్’ ప్రింటు చూసినవాళ్లకు, ఇవాళ తెర మీద ఒక్క మీటతో వచ్చే సుడి వెనక ఒక మనిషి చెయ్యి ఎంత కష్టపడగలదో అర్థమవుతుంది. 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. పొరల మీద పొరలు పరిచి, ఏ పొర ఎక్కడ గెలవాలో తేల్చే ఆలోచన సాఫ్ట్‌వేర్‌కు ముందే ఆయన రోలర్లలో ఉంది.

ఇక అంకెల కథ. 1957లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థలో రసెల్ కిర్ష్ మూడు నెలల తన కొడుకు ఫోటోను కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. అడ్డంగా 176, నిలువుగా 176 చుక్కలు. ఫోటో మొదటిసారి అంకెలైంది, అంకెలైనదాన్ని కూడవచ్చు, తీసేయవచ్చు, తిప్పవచ్చు. 1966లో బెల్ ల్యాబ్స్‌లో లియాన్ హార్మన్, కెన్ నోల్టన్ ఒక స్త్రీ ఫోటోను చిన్న చిన్న గుర్తులతో తిరిగి కట్టారు. దగ్గరికి వెళితే గుర్తులే, దూరం జరిగితే మనిషి.

మనం పెద్దగా చెప్పుకోని మలుపు 1974లో వచ్చింది. ఆ ఏడాది జనవరిలో ఒక గణిత పద్ధతి మీద మూడు పేర్లతో చిన్న పరిశోధనాపత్రం అచ్చయింది. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కమిశెట్టి రామమోహనరావు. ఈ మూడో ఆయన టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్‌లో దశాబ్దాలపాటు పాఠాలు చెప్పి 2021లో మరణించారు. డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే ఆ పద్ధతి మీదే 1992లో జేపెగ్ ప్రమాణం నిలబడింది. జేపెగ్ ఫోటోను ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు ఉన్న గళ్లుగా కోస్తుంది. ప్రతి గడినీ 64 స్థిరమైన నమూనాల మిశ్రమంగా రాసుకుంటుంది. ఆ నమూనాల్లో ఒకటి ఖాళీ రంగు. మిగిలినవి నిలువు చారలు, అడ్డ చారలు, గళ్లు, సన్నటి గళ్లు. ఏ నమూనా ఎంత పాలు కలపాలన్న అంకెలే ఫైల్లో ఉంటాయి, కంటికి అంతగా పట్టని సన్నటి నమూనాల అంకెలను మోటుగా దగ్గరి విలువకు సవరించేస్తుంది. అంటే అమ్మ ఫోటో అయినా, ఆవకాయ జాడీ ఫోటో అయినా జేపెగ్‌గా దాచినప్పుడు చారల, గళ్ల మొత్తంగానే ఉంటుంది. నైరూప్యం ఫోటోకు బయటి నుంచి తెచ్చి అతికించేది కాదని నేను అనుకోవడానికి ఇదో గట్టి కారణం.

ఇదంతా మామూలు మనిషి చేతికి వచ్చింది ఫోటోషాప్‌తో. మిషిగన్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ నోల్ 1987లో మొదలుపెట్టగా, సినిమా విజువల్ ఎఫెక్ట్స్‌లో పనిచేసే తమ్ముడు జాన్ చెయ్యి కలిపాడు. అడోబీ దాన్ని 1990 ఫిబ్రవరిలో విడుదల చేసింది. 1994లో వచ్చిన మూడో వెర్షన్‌తో లేయర్లు, అంటే పొరలు, వచ్చాయి. మన నగరం వైపు నుంచి చూస్తే 1998 చిత్రమైన సంవత్సరం. ఆ నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది అదే ఏడాది. దాని విజువల్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ కేంద్రం తరువాత కంప్యూటర్‌కు చూపు నేర్పే పరిశోధనలో పేరు తెచ్చుకుంది. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో, ఉస్మానియాలో చదివిన శంతను నారాయణ్ అడోబీలో చేరిందీ 1998లోనే. 2007 డిసెంబరులో ఆయన ఆ కంపెనీ సీఈఓ అయ్యారు.

కానీ తెలుగు ఇళ్లలోకి డిజిటల్ నైరూప్యాన్ని తెచ్చింది హైటెక్ సిటీ కాదు, అమీర్‌పేట. మైత్రీవనం చుట్టూ మల్టీమీడియా కోర్సుల బోర్డులు వెలిశాక, ఫోటోషాప్ నేర్చిన కుర్రాళ్లు జిల్లాల స్టూడియోలకు వెళ్లారు. ‘కటింగ్’, ‘మిక్సింగ్’ వాళ్ల మాటలు. పెళ్లి ఆల్బమ్‌లో వధూవరుల వెనక కల్యాణమండపం కుర్చీలు తీసేసి, రంగుల సుడులు, వెలుగు రేకలు, కరిగిన పూలు పెట్టారు. అలాంటి బ్యాక్‌గ్రౌండ్లు సీడీల నిండా దొరికేవి. పెళ్లికూతురి మోచేతి పక్కన తిరిగే ఆ ఊదారంగు సుడి కూడా ఒకనాడు ఏ గులాబీ ఫోటోనో, ఏ పట్టుచీర అంచో అయి ఉండవచ్చు. దాన్ని చవకబారు పని అనేవాళ్లతో నేను ఏకీభవించను. గ్యాలరీ గడప తొక్కని లక్షలమంది ఒక నైరూప్య చిత్రాన్ని ముచ్చటపడి ఇంట్లో దాచుకున్నారు. ఆ ఆపరేటర్ల పేర్లు ఏ చరిత్రలోనూ లేకపోవడం అన్యాయం.

పని ఎలా సాగుతుందో ఒక చాయ్ కప్పుతో చెబుతాను. పొద్దున పూట కిటికీ పక్క బల్ల మీద కప్పు, సాసరు, ఒక ఉస్మానియా బిస్కెట్ పెట్టి ఫోటో తీయాలి. వెలుగు పక్క నుంచి రావాలి. అప్పుడే కప్పు ఒక వైపు తెల్లగా, ఒక వైపు బూడిదగా విడిపోతుంది. ఆ ఫోటోలో ఒకే ఒక నిలువు చుక్కల వరుసను ఎంచుకుని అడ్డంగా చివరికంటా సాగదీస్తే, కప్పు మాయమై అడ్డ చారలు వస్తాయి. గోడ నీలం, పింగాణీ తెలుపు, చాయ్ గోధుమరంగు, బిస్కెట్ పసుపు, బల్ల చెక్కరంగు. ఈ చారలకు ‘వేవ్’ ఫిల్టరుతో అలలు పెట్టాలి. తరువాత ‘పోలార్ కోఆర్డినేట్స్’. ఇది చిత్రంలోని వెడల్పును కోణంగా, ఎత్తును కేంద్రం నుంచి దూరంగా మారుస్తుంది. పై అంచు నడిమి చుక్కకు చేరుతుంది, కింది అంచు బయటి వలయమవుతుంది. అలలు లేని చారలైతే ఉత్త వలయాలే వస్తాయి, వాటిని ఎంత మెలితిప్పినా మార్పుండదు. అలలుంటే రేకలు విచ్చుకుంటాయి. ఇప్పుడు ఆ పొరకు ఒక నకలు తీసి, ఒకదాన్ని ‘ట్వర్ల్’తో కుడికి, ఇంకోదాన్ని ఎడమకు తిప్పి, పై పొరను ‘లైటెన్’లో పెడితే రెండింటిలో ఏది వెలుగైతే అది నిలుస్తుంది. ‘డిఫరెన్స్’లో పెడితే రెండూ ఒకటైన చోట నలుపు, వేరైన చోట ఊహించని రంగు. కృష్ణారెడ్డి రోలర్లు నూనెతో తేల్చుకున్న తగవును ఇక్కడ అంకెలు తేల్చుకుంటాయి.

ఈ మార్గంలో ఎవరైనా త్వరగా తెలుసుకునే నిజం ఒకటుంది. ట్యూబులైటు కింద చదునుగా తీసిన ఫోటోకు ఎన్ని ఫిల్టర్లు వేసినా బురదరంగే మిగులుతుంది. కప్పు మీద వెలుగునీడలు ఎంత బాగా విడిపోతే, సుడిలో అంత లోతు వస్తుంది. అందుకే వెస్టన్ గరాటు ఇప్పటికీ పాఠమే.

2015 ఆగస్టులో జర్మనీలోని ట్యూబింగెన్ పరిశోధకులు గాటిస్, ఎకర్, బెత్గే ఒక చిత్రం శైలిని మరో ఫోటో మీదికి ఎక్కించే పద్ధతి ప్రకటించారు. మరుసటి ఏడాది ప్రిస్మా యాప్‌తో అది అందరి ఫోన్లలోకి వచ్చింది. ఆ గణితం అద్భుతం, కాదనను. అయితే అక్కడ మీ కప్పు మీద వాన్ గో కుంచె ఆడుతుంది. చారలూ వలయాలూ కప్పు సొంత వెలుగు నుంచే పుట్టే పాత పద్ధతి మీద నాకు మక్కువ ఎక్కువ. మాటలు టైపు చేస్తే బొమ్మ వచ్చే ఇవాళ్టి యంత్రాలకైతే బల్ల మీద కప్పే అక్కర్లేదు.

సైబర్ టవర్స్‌కు దగ్గర్లోనే కావూరి హిల్స్‌లో రాష్ట్ర ఆర్ట్ గ్యాలరీ ఉంది. 2015లో మొదలైన ఇండియన్ ఫోటోగ్రఫీ ఫెస్టివల్ ప్రదర్శనలకు అదో ముఖ్య వేదిక. ఆఫీసు నుంచి సాయంత్రం నడిచి వెళ్లగల దూరంలో అలాంటి చోటు ఉండటం ఈ కళ చేసేవాళ్ల అదృష్టం. వాళ్లను ఒక్కటే అడగాలని ఉంది. బొమ్మ కింద ‘శీర్షిక లేదు’ అనో, ‘అనంతం’ అనో రాయకండి. స్ట్రాండ్ తన చిత్రం పేరులో గిన్నెలను దాచలేదు, వెస్టన్ మిరపకాయను దాచలేదు. చాయ్ కప్పు, సాసరు, ఉస్మానియా బిస్కెట్ అని రాయండి. ఏ వెలుగులో తీశారో రాయండి. మూల ఫోటోను కూడా అగ్గిపెట్టె అంత సైజులో పక్కనే అతికించండి.