వరికుంటపాడు ప్రాంతం: ఫ్లోరైడ్ నీళ్లు, పసిపిల్లల సంరక్షణ

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి నియోజకవర్గంలో ఉన్న మండల కేంద్రం వరికుంటపాడు. పేరులో వరీ ఉంది, కుంటా ఉంది. తాగడానికి మాత్రం ఈ వైపు ఊళ్లు చాలాకాలంగా బోర్ల మీదే ఆధారపడ్డాయి. రాతి పొరల్లోంచి వచ్చే ఆ నీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఉంటుంది. పిల్లల భద్రత అనగానే పొయ్యి, మెట్లు, నీళ్ల తొట్టి గుర్తొస్తాయి. ఇక్కడ వాటికన్నా ముందు చూసుకోవాల్సింది మంచినీళ్ల బిందె.

ఇది కొత్తగా బయటపడ్డ సంగతి కాదు. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాసిన వ్యాసంతో దేశంలో ఫ్లోరోసిస్ గురించి, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే జబ్బు గురించి, వైద్యలోకానికి తెలిసింది. ఆ వ్యాసం నెల్లూరు జిల్లా గురించే. ఉత్తరాన ఉన్న దర్శి, పొదిలి, కనిగిరి కూడా అప్పట్లో ఈ జిల్లావే. 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి వెళ్లాయి. జిల్లా హద్దు జరిగినంత మాత్రాన భూమిలోని నీరు మారదు కదా.

పసివాళ్ల తల్లిదండ్రులు ముందు తెలుసుకోవాల్సింది పళ్ల లెక్క. శాశ్వత దంతాల పైపూత చిగురు లోపల చిన్నతనంలోనే తయారవుతుంది. ముందుపళ్లు బయటికొచ్చేది ఆరేడేళ్లకు. బడిపిల్లవాడు నవ్వినప్పుడు పంటి మీద అడ్డంగా కనిపించే సుద్దలాంటి తెల్లచార, గోధుమరంగు గార అప్పటిది కాదు. రెండో ఏటో మూడో ఏటో తాగిన నీళ్లది. ఎంత తోమినా పోదు. గార కనబడ్డాక నీళ్లు మార్చితే ఆ పళ్లకు ఆలస్యమే, ఎముకలకు మాత్రం మేలే.

ఎముకల సంగతిలో తిండికీ పాత్ర ఉంది. ఫ్లోరైడ్ పీడిత ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి ఒరిగిపోయే వైకల్యం గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. కాల్షియం చాలని పిల్లలకు హాని ఎక్కువ. అందుకే ఇక్కడ పాలు, రాగి జావ, మునగాకు మందుతో సమానం.

ఆరు నెలల వరకు బిడ్డకు తల్లిపాలే చాలు, గుక్కెడు నీళ్లు కూడా అక్కర్లేదని అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు చెప్పే మాటకు ఈ మెట్టలో మరో బలం ఉంది: తల్లి ఫ్లోరైడ్ నీళ్లు తాగుతున్నా పాలలోకి దిగేది చాలా స్వల్పం. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం పొడి మంచిదే. దాన్ని కలిపే నీళ్లెక్కడివి? పైగా పళ్లు రూపుకట్టే వయసూ అదే. కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది.

2008–09లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమపు తొలి జిల్లాల్లో నెల్లూరు ఒకటి. ఫ్లోరోసిస్ పట్టేందుకు వాడే పరీక్షల్లో ఒకదానికి రూపాయి బిళ్ల చాలు. నేల మీద పెట్టి, మోకాళ్లు వంచకుండా తీయమంటారు. వెన్ను బిగుసుకున్నవాళ్లు తీయలేరు. ఇంట్లో తాతకు అది కష్టమైతే మనవడి గ్లాసు వైపు చూడాలి.

బోరుతో ఇంకో ముప్పు నీళ్లు పడనప్పుడు. ఎండిన బోర్లను నేలమట్టం దాకా పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. అయినా 2017 ఆగస్టులో వినుకొండ దగ్గర ఉమ్మడివరంలో ఓ పసివాడు బోరుబావిలో పడ్డాడు. సహాయ బృందాలు ప్రాణాలతో పైకి తీశాయి.

మళ్లీ నీళ్ల సంగతికొస్తే, తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపే ఉండాలని భారతీయ ప్రమాణం. వేరే దిక్కు లేనిచోట 1.5 వరకు. రుచి చూసి తేల్చలేం. అన్నప్రాసనకు ముహూర్తం పెట్టుకునే ఇళ్లు ఆ వారమే ఓ సీసాలో ఇంటి నీళ్లు పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు పంపాలి.