భారీ వేట రైఫిళ్ళ గురి సాధనాలు, రీకాయిల్ ప్యాడ్లు

భారీ రైఫిళ్ళకు గురి సాధనాలు, రీకాయిల్ ప్యాడ్లు అమర్చడం ఏనుగు, అడవిదున్న, పెద్దపులి వేటతో పాటు పెరిగిన విద్య. పాలారు ఒడ్డున పళ్ళికొండకు ఉత్తరాన, గుడియాత్తం దాటి పలమనేరు వైపు సాగే పొదల అడవుల్లో జంతువు దూరం నుంచి కనబడడం అరుదు. దక్షిణాన జవ్వాది కొండల్లోనూ అంతే. అందుచేత ఈ సీమలో దుర్భిణి కన్నా సాదా గురికి, గుండు బలం కన్నా భుజానికి కుదిరిన తుపాకికి విలువ ఎక్కువగా ఉండేది.

తొలి దశ

వత్తి తుపాకుల నాటి నుంచి 19వ శతాబ్దం నడిమి దాకా గురి సాధనాలు చాలా సాదాగా ఉండేవి. నల్ల తుపాకి మందు కాలపు పెద్ద తుపాకుల్లో 4 బోరు గుండు పావు పౌను, అంటే సుమారు 113 గ్రాములు తూగేది. మైసూరు ఏనుగుల అధికారి జి. పి. శాండర్సన్ 1878లో వెలువరించిన గ్రంథంలో ఏనుగు వేటకు భారీ బోర్లనే సమర్థించాడు.

కార్డైట్ యుగం

పొగరాని కార్డైట్ మందుతో పేలే .450 నైట్రో ఎక్స్‌ప్రెస్‌ను 1898లో లండన్ తయారీదారు జాన్ రిగ్బీ తెచ్చాడు. ఆ తూటాలు తిరుగుబాటుదారుల చేతుల్లోని మార్టినీ-హెన్రీ రైఫిళ్ళకు పనికొస్తాయన్న భయంతో 1907లో బ్రిటిష్ ప్రభుత్వం భారతదేశంలోకి .450 రకం తూటాల దిగుమతిని నిషేధించింది. ఆ లోటు తీర్చడానికే .465, .470 వంటివి పుట్టాయి. .470 గుండు 500 గ్రెయిన్లు; వేగం సెకనుకు 2,150 అడుగులు. 1911లో .416 రిగ్బీ, 1912లో .375 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నమ్ వచ్చాయి.

ఈ రైఫిళ్ళకు అమర్చిన ఎక్స్‌ప్రెస్ సైట్ మెచ్చదగిన పనితనం. వెనుక లోతులేని వెడల్పాటి ‘వి’ గాడి, దాని నడుమ వెండి లేదా ప్లాటినం గీత. ముందు దంతపు పూస. తుపాకి ఎత్తగానే కన్ను దానంతట అదే పూస మీద నిలుస్తుంది. కొన్నిటికి మసక వెలుతురులో పైకెత్తే పెద్ద దంతపు పూస కూడా ఉండేది.

కెన్నెత్ ఆండర్సన్, .405 వించెస్టర్

హైదరాబాదు పక్కన బొల్లారంలో 1910లో పుట్టిన వేటగాడు, రచయిత ఆండర్సన్ బెంగళూరులో స్థిరపడ్డాడు. అప్పటి చిత్తూరు జిల్లాలోని చామల లోయ, మామండూరు ప్రాంతపు నరభక్షక పులుల కథలు రాశాడు. తొలి పుస్తకం 1954లో వచ్చింది. ఆయన నమ్మకమైన ఆయుధం .405 వించెస్టర్, 1895 నమూనా. దాని గుండు 300 గ్రెయిన్లు, వేగం సెకనుకు 2,200 అడుగులు. ఖాళీ తూటా పైకి ఎగిరిపడే నిర్మాణం కనుక ఆ రైఫిల్ నడినెత్తిన దుర్భిణి బిగించడం కుదరదు. రాత్రి మంచె మీద కూర్చున్నప్పుడు ఆండర్సన్ రైఫిల్‌కు టార్చి కట్టుకునేవాడు.

తన్ను, మెత్త

తూటా, వేగం మారకుండా రైఫిల్ బరువు రెట్టింపైతే తన్నులోని (రీకాయిల్) శక్తి సగమవుతుంది. కానీ కొండెక్కేవాడికి ఆ బరువే భారం. అందుకే తన్నును మెత్తబరిచే ప్యాడ్లు వాడేవారు; వాటిలో లండన్‌లోని సిల్వర్ సంస్థ ఎర్ర రబ్బరు ప్యాడ్ ప్రసిద్ధమైంది. చొక్కాకు పట్టుకోకుండా దానికి తోలు కప్పేవారు. ప్యాడ్ మందం భుజానికి ఆనే కొయ్య పొడవును పెంచుతుంది కాబట్టి ఆ మేరకు కొయ్య కోయాలి. లేకుంటే రైఫిల్ చంకలో చిక్కుకుంటుంది. వేడికి పాత రబ్బరు గట్టిపడి పగిలితే కొత్తది వేయడం తప్పనిసరి.

దుర్భిణి

19వ శతాబ్దంలోనే ఉన్నా, లెన్సు పూత 1935లో జర్మనీలో రూపొందాకే మసక వెలుతురులో దుర్భిణి వాడకం మెరుగైంది. భారీ రైఫిల్‌పై తక్కువ ఆవర్ధనం, విశాల దృశ్యం, కంటికి కనీసం 9 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. ఎడం తగ్గితే తన్నుకు కనుబొమ చీలుతుంది.

1972 తర్వాత

వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు తెరదించింది. 1991 సవరణ మిగిలిన సందులనూ మూసింది. 1980లలో హోసూరు, ధర్మపురి అడవుల నుంచి చిత్తూరు వైపు ఏనుగులు వచ్చాయి. వాటి కోసం అక్కడ 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. నేడు గుడియాత్తం పొలాల్లోకి ఏనుగు దిగితే దాన్ని అడవికి మళ్ళించడమే పని. తప్పనిసరైతే పశువైద్యుడు మత్తు సూది తుపాకి ఎత్తుతాడు. కొన్ని పదుల మీటర్ల దూరంలో సూది సరైన కండలో దిగాలి కాబట్టి, గురి సాధనం ఎంపిక నేటికీ అంతే శ్రద్ధ కోరుతుంది.