హ్యారీ పోటర్ అట్ట మీద దాచిన పేరు

ఈసారి హ్యారీ పోటర్ పుస్తకం వెనకున్న కథ చెప్తాను. మొదటి భాగాన్ని చాలామంది పబ్లిషర్లు వద్దన్నారు. లండన్‌లో బ్లూమ్స్‌బరీ అధిపతి నైజెల్ న్యూటన్ మాత్రం మొదటి చాప్టర్‌ని తన 8 ఏళ్ల కూతురికి ఇచ్చారు. ఆ పాప చదివేసి, మిగతాది కావాలని పట్టుబట్టింది. అలా 1997 జూన్ 26న పుస్తకం వచ్చింది. గట్టి అట్టతో మొదట వేసింది 500 కాపీలే!

అయితే, ఆడవాళ్లు రాసిందంటే మగపిల్లలు చదవరేమోనని పబ్లిషర్ల భయం. అందుకే జోయాన్ రౌలింగ్ కాస్తా జె.కె. రౌలింగ్ అయ్యారు. ఆమెకు మిడిల్ నేమే లేదు. ఆ 'కె' వాళ్ల నానమ్మ కాథ్లీన్ పేరులోది.

నాకు వింతగా అనిపించేది ఇదే. పుస్తకం విలువ పట్టుకుంది ఒక ఆడపిల్ల. అట్ట మీద దాచిపెట్టింది మాత్రం ఒక ఆడపేరునే! తర్వాత 50 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. రాసింది ఆడమనిషని తెలిశాక కూడా మగపిల్లలెవరూ చదవడం మానలేదు కదా!