రాతిమీది అక్షరం, జేపెగ్‌లోని నీడ

జమ్మలమడుగు పేరు చెప్పగానే అంతర్జాలంలో గండికోట లోయ చిత్రాలు బారులు తీరుతాయి. అదే సీమలో, ఎర్రగుంట్ల మండలపు కలమళ్ళలో దొరికిన శాసనం బొమ్మ కోసం వెదికేవారు తక్కువ. రేనాటి చోళుడు ధనంజయుని పేరున్న ఈ శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిదని పండితుల అంచనా. తొలి తెలుగు శాసనంగా దీనినే ఎక్కువమంది పేర్కొంటారు.

ఇటువంటి శాసనాలు పండితుల బల్లమీదికి రాళ్ళుగా రాలేదు, నకళ్ళుగా వచ్చాయి. రాతిని శుభ్రం చేసి, తడికాగితం పరచి, కుంచెతో కొట్టి, పైన సిరా అద్దుతారు. చెక్కిన గాడి తెల్లగా, తక్కిన తలం నల్లగా అచ్చుపడుతుంది. ఎం. వెంకటరామయ్య, నీలకంఠశాస్త్రి గారలు రేనాటి చోళుల శాసనాలను ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటంలో ప్రకటించారు. సిరా అచ్చులోనూ నష్టం లేకపోలేదు; రాతి రంగు, గాడి లోతు పోతాయి. అయితే ఆ నష్టం ఒక్కమారే. పైగా పోయినదేమిటో చదువరికి తెలుసు.

జేపెగ్ నష్టం తీరు వేరు. దానికి పునాది 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు ప్రకటించిన గణిత పద్ధతి. 1992లో ప్రమాణంగా వచ్చిన జేపెగ్, బొమ్మను 8×8 పిక్సెళ్ళ గళ్ళుగా విభజిస్తుంది. ప్రతి గడిలోని ఛాయలను మెల్లగా మారేవి, చటుక్కున మారేవి అని వేరుచేస్తుంది. రెండవ రకంలోని చిన్న తేడాలను కన్ను అంతగా పట్టదు గనుక వాటిలో చాలావాటిని సున్న చేస్తుంది. కోటీ ఇరవై లక్షల పిక్సెళ్ళ ఛాయాచిత్రం, పిక్సెలుకు మూడు బైట్ల లెక్కన, 36 మెగాబైట్లు. జేపెగ్‌లో అది మూడు నాలుగింటికి దిగడం మామూలే. పెన్నమీది ఆకాశానికి ఈ బేరం లాభసాటి.

శాసనానికి మాత్రం కాదు. నలుపు తెలుపుల నడుమ చటుక్కున మారే అంచే అక్షరం. కుదింపు ఎక్కువైతే ఆ అంచు చుట్టూ లేని నీడలు పుడతాయి. గళ్ళ గీతలు బయటపడతాయి. అక్కడున్నది అనుస్వారమా, రాతి పెచ్చు ఊడిన గుంటా అని తేల్చవలసిన చోట బొమ్మ కల్పించిన మరక కనిపిస్తుంది. రేనాటి శాసనాలలోని ఴ ఆ తరువాత మన వాడుకనుండి తొలగింది. యూనికోడులో దానికి 2014లోగాని చోటు దొరకలేదు. అటువంటి అక్షరానికి రాతిగీతలే సాక్ష్యం. గీత చెదిరితే సాక్ష్యమూ చెదురుతుంది.

దస్త్రాన్ని ఉన్నదున్నట్టు నకలు తీస్తే ఏమీ పోదు. తెరచి, పరిమాణం మార్చి, మళ్ళీ జేపెగ్‌గా భద్రపరచిన ప్రతిసారీ కొంత పోతుంది. పోయినది తిరిగి రాదు. నాణ్యత సంఖ్య పెంచినా దస్త్రం బరువు పెరుగుతుందే తప్ప గీత తేరుకోదు.

అందుచేత శాసనాల ఛాయాచిత్రాలు తీసే మిత్రులకు నా మనవి ఒక్కటే. కెమెరా ఇచ్చిన మూలప్రతిని ముట్టుకోకండి. సిరా అచ్చులను స్కాన్ చేసేటప్పుడు టిఫ్‌లోనో పి.ఎన్.జి.లోనో నష్టరహితంగా దాచండి. చూపరుల కోసం చిన్న జేపెగ్ వేరుగా ఇవ్వండి. ఆ చిన్నబొమ్మను చూసి పాఠాన్ని నిర్ణయించడం మాత్రం, నా దృష్టిలో, చరిత్రకు చేసే అన్యాయం.