విశ్వవిద్యాలయాల పేర్లు, పొడి అక్షరాలు (శ్రీకాకుళం జిల్లా)

విశ్వవిద్యాలయాల పేర్లు, పొడి అక్షరాలు అనేవి చూడడానికి చిన్న విషయంగా కనిపించినా, విజ్ఞానసర్వస్వాల సంపాదకుల మధ్య తరచు వాదవివాదాలకు దారితీసే అంశం. ఒకే పేరు అనేక సంస్థలకు ఉండడం, ఒకే సంస్థకు కాలక్రమంలో అనేక పేర్లు రావడం, అధికారిక నామం ఒకటి కాగా జనవ్యవహారంలో మరొకటి స్థిరపడడం ఇందుకు ముఖ్య కారణాలు. ఆంధ్రప్రదేశ్ ఈశాన్య కొసన ఉన్న శ్రీకాకుళం జిల్లాలో ఈ మూడు రకాల చిక్కులూ కనిపిస్తాయి. పలాస, టెక్కలి పట్టణాలలోనూ ఉద్దానం తీరగ్రామాలలోనూ చదువుకునే విద్యార్థి తన పట్టాపై ఏ పేరు ఉన్నదో, దానిని ఇతర ప్రాంతాలవారు ఏమని అర్థం చేసుకుంటారో తెలుసుకోవలసిన అవసరం ఉన్నది.

ఎచ్చెర్ల విశ్వవిద్యాలయం

శ్రీకాకుళం పట్టణానికి సమీపంలోని ఎచ్చెర్లలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉన్నది. పూర్వం ఇది ఆంధ్ర విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రం. 2008లో స్వతంత్ర విశ్వవిద్యాలయం అయినది. తరువాత జిల్లాలోని డిగ్రీ కళాశాలలు దీని పరిధిలోకి వచ్చాయి. అందువలన ఒకే కళాశాలలో చదివిన తండ్రి పట్టాపై ఆంధ్ర విశ్వవిద్యాలయమని, కుమార్తె పట్టాపై అంబేద్కర్ విశ్వవిద్యాలయమని ఉండడం ఈ జిల్లాలో వింత కాదు.

దీని పొడి అక్షరాలు బీఆర్‌ఏయూ. హైదరాబాదులోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పొడి అక్షరాలు బీఆర్‌ఏఓయూ. రెండింటికీ తేడా ఒక్క 'ఓ'. రెండవది 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమనే పేరుతో, దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా స్థాపించబడినది. అంబేద్కర్ శతజయంతి సంవత్సరమైన 1991లో ఆయన పేరు పెట్టారు. ఇది దూరవిద్య సంస్థ. ఎచ్చెర్లది తరగతులకు హాజరై చదివే సంస్థ. ఉద్యోగ దరఖాస్తులో 'అంబేద్కర్ యూనివర్సిటీ' అని మాత్రమే వ్రాస్తే చదివేవారికి ముందుగా స్ఫురించేది పాతదైన, రెండు రాష్ట్రాలలోనూ పేరున్న హైదరాబాదు సంస్థయే. దూరవిద్య తక్కువదని కాదు. కాని రెగ్యులర్ కోర్సు చదివిన అభ్యర్థిని దూరవిద్య అభ్యర్థిగానో, దూరవిద్య అభ్యర్థిని రెగ్యులర్ అభ్యర్థిగానో లెక్కించడానికి ఇది చోటిస్తుంది. అందుచేత పొడి అక్షరాలతో సరిపెట్టక, పూర్తి పేరును ఊరి పేరుతో సహా వ్రాయడం మంచిది.

దేశంలో అంబేద్కర్ పేరుగల ఉన్నత విద్యాసంస్థలు ఇంకా చాలా ఉన్నాయి. లక్నో, ఆగ్రా, ముజఫర్‌పూర్, ఔరంగాబాదు, లోనేరె, అహ్మదాబాదు, ఢిల్లీ, చెన్నైలలో ఒక్కొక్క విశ్వవిద్యాలయం ఉన్నది. ఇవిగాక జలంధర్‌లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఉన్నది. కొన్నిటిలో 'బాబాసాహెబ్', కొన్నిటిలో 'భీంరావ్', కొన్నిటిలో 'బి.ఆర్.' అని ఉంటుంది. ఆగ్రా విశ్వవిద్యాలయానికి 1996లో ఈ పేరు వచ్చినా, చాలామంది నేటికీ పాత పేరుతోనే పిలుస్తారు. ఔరంగాబాదు సంగతి వేరు. మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి అంబేద్కర్ పేరు పెట్టాలని 1978లో మహారాష్ట్ర శాసనసభ తీర్మానించగా, దళితులపై తీవ్రమైన దాడులు జరిగాయి. పదహారేళ్ళ 'నామాంతర' ఉద్యమం తరువాత 1994 జనవరి 14న డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ మరాఠ్వాడా విశ్వవిద్యాలయమని, పాత పేరును కూడా నిలుపుతూ, పేరు మార్చబడినది. పేరు విషయంలో 'ఏదైతేనేమి' అనేవారు ఈ చరిత్రను చదవవలెను. ఈ సంస్థ పేరులో నుండి 'అంబేద్కర్'ను గాని 'మరాఠ్వాడా'ను గాని క్లుప్తత కోసం తొలగించే సంపాదకుడు తనకు తెలియకుండానే ఒక పక్షం వహించినవాడవుతాడు.

తెలుగు వర్ణక్రమంలోనూ చిక్కు ఉన్నది. మరాఠీ మూలంలో ఈ పేరు 'ఆంబేడ్కర్'కు దగ్గరగా ఉంటుంది. తెలుగులో అంబేద్కర్, అంబేడ్కర్ అనే రెండు రూపాలూ వాడుకలో ఉన్నాయి. మొదటిది ఎక్కువ ప్రచారంలో ఉన్నది, రెండవది మూలానికి దగ్గర. వ్యాసం ఏ రూపంతో ఉన్నా, రెండవ రూపం నుండి దారిమార్పు ఉంచితే వెదికేవారికి ఇబ్బంది ఉండదు.

ట్రిపుల్ ఐటీ

ఎచ్చెర్ల మండలంలోనే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు శ్రీకాకుళం ప్రాంగణం కూడా ఉన్నది. ఈ విశ్వవిద్యాలయం 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసర ప్రాంగణాలతో ప్రారంభమైనది. శ్రీకాకుళం, ఒంగోలు ప్రాంగణాలు 2016లో వచ్చాయి. పొడి అక్షరాలు ఆర్జీయూకేటీ. కాని పల్లెలలో ఈ అయిదు అక్షరాలు పలికేవారు అరుదు. పదవ తరగతిలో మంచి మార్కులు వచ్చిన పిల్లవాడికి 'ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చింది' అంటారు.

ఇదే పేరు మరి రెండు రకాల సంస్థలకు ఉన్నది. హైదరాబాదులో 1998లో స్థాపించిన సంస్థలో మొదటి 'ఐ' ఇంటర్నేషనల్. కేంద్రప్రభుత్వ సంబంధమైన సంస్థలలో అది ఇండియన్. ఆర్జీయూకేటీ అధికారిక నామంలో మాత్రం ఈ మూడు 'ఐ'లలో ఒక్కటీ లేదు. జనవ్యవహారాన్ని ప్రమాణంగా తీసుకోవాలనే నియమం ఇక్కడ పూర్తిగా పనిచేయదు. వాడుక పేరు వ్యాసం మొదటి వాక్యంలో ఉండవలసినదే, శీర్షికగా పెడితే మాత్రం మూడు వేర్వేరు సంస్థలు ఒకే పేజీపైకి వచ్చి పడతాయి.

ఇటువంటిదే రిమ్స్. ఇది విశ్వవిద్యాలయం కాదు గాని ఉద్దానంవారికి బాగా పరిచయమైన పేరు. శ్రీకాకుళంలోని ప్రభుత్వ వైద్య కళాశాల రాజీవ్ గాంధీ వైద్య విజ్ఞాన సంస్థగా ప్రారంభమై 'రిమ్స్'గా ప్రసిద్ధి పొందినది. రాంచీ రిమ్స్‌లో మొదటి అక్షరం రాజేంద్ర, ఇంఫాల్ రిమ్స్‌లో అది రీజనల్. కవిటి లేదా వజ్రపుకొత్తూరులో 'రిమ్స్‌కు తీసుకువెళ్ళారు' అంటే మాత్రం ఎవరికీ సందేహం రాదు. పొడి అక్షరాల అర్థం ప్రాంతాన్ని బట్టి మారుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

విభజనల వలన వచ్చిన అక్షరాలు

జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం 1972లో ఏర్పడినది. దీనిని జేఎన్‌టీయూ అంటారు. ఢిల్లీలోని జేఎన్‌యూతో దీనికి సంబంధం లేదు. 2008లో దీనిని విభజించగా హైదరాబాదు, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాలు ఏర్పడి, ఆంగ్ల అక్షరక్రమం ప్రకారం చివర హెచ్, కే, ఏ చేరాయి. శ్రీకాకుళం జిల్లా ఇంజనీరింగు కళాశాలలు కాకినాడ పరిధిలోకి వెళ్ళాయి. విజయనగరంలోని కళాశాల 2022లో జేఎన్‌టీయూ-గురజాడ విశ్వవిద్యాలయంగా మారిన తరువాత అవి దాని పరిధిలోకి వచ్చాయి. దీని పొడి అక్షరాలు జేఎన్‌టీయూ-జీవీ. ముందటి మూడింటిలో చివరి అక్షరం ఊరిని సూచిస్తే, ఇక్కడ 'జీ' గురజాడ అప్పారావును, 'వీ' విజయనగరాన్ని సూచిస్తాయి. ఈ విధంగా టెక్కలిలో వేర్వేరు కాలాలలో ఇంజనీరింగు చదివినవారు జేఎన్‌టీయూ, జేఎన్‌టీయూకే, జేఎన్‌టీయూ-జీవీ అనే మూడు పేర్లలో ఏదో ఒకటి చెప్పవలసి ఉంటుంది. పాతవారిని కొత్త విశ్వవిద్యాలయపు 'పూర్వ విద్యార్థులు'గా చేర్చడం విజ్ఞానసర్వస్వాలలో సాధారణంగా జరిగే పొరపాటు.

కేయూ అంటే వరంగల్లువారికి కాకతీయ, మచిలీపట్నంవారికి కృష్ణా. ఏయూ అంటే ఉత్తరాంధ్రలో ఆంధ్ర విశ్వవిద్యాలయమే. అయితే అన్నామలై, అలహాబాదు, అన్నా విశ్వవిద్యాలయాలవారు కూడా ఆ అక్షరాలు తమవే అంటారు.

పేరు మారి, మళ్ళీ మారిన విశ్వవిద్యాలయం

విజయవాడలోని ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం 1986లో ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు హయాంలో ప్రారంభమైనది. ఆయన మరణానంతరం 1998లో ఆయన పేరు పెట్టారు. 2022లో శాసనసభ చేసిన సవరణతో అది డాక్టర్ వైఎస్సార్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం అయినది. ప్రభుత్వం మారిన తరువాత 2024లో ఎన్టీఆర్ పేరు తిరిగి వచ్చినది. వెంకట్రామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయానికి అప్పటికే వైఎస్సార్ పేరు ఉండడం వలన, ఈ రెండేళ్ళ కాలంలో రాష్ట్రంలో 'వైఎస్సార్ విశ్వవిద్యాలయాలు' ఒకటికంటే ఎక్కువ ఉండేవి. జీడి, కొబ్బరి తోటలుగల ఉద్దానానికి ఒకటి పంట విషయంలో, మరొకటి మూత్రపిండాల వ్యాధి విషయంలో సంబంధించినవి కావడం గమనార్హం.

ఇటువంటి చోట సంపాదకుల మధ్య తగవు రాజకీయాల రంగు పులుముకుంటుంది. ఒకరు పాత పేరు పెట్టడం, మరొకరు దానిని రద్దు చేయడం, మూడవవారు వచ్చి పేజీని సంరక్షించమని కోరడం సహజ పరిణామాలు. దీనికి వాస్తవాలతోనే సమాధానం చెప్పవచ్చు. ఏ పేరు ఏ సంవత్సరం నుండి ఏ సంవత్సరం వరకు ఉన్నదో వ్యాసంలో వ్రాసి, శీర్షికగా ప్రస్తుత చట్టబద్ధ నామం ఉంచి, పాత పేర్లన్నిటినీ దారిమార్పులు చేయాలి. వైద్యపట్టా పొందినవారిని గురించి వ్రాసేటప్పుడు ఆ పట్టా ఇచ్చిన నాటి పేరు వ్రాయాలి. 2023లో పట్టా పొందిన వైద్యుని పట్టాపై ఉన్న పేరును 2024 చట్టం చూపి దిద్దడం చరిత్రను తప్పుగా చూపడమే అవుతుంది.

హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానిదీ ఇదే తీరు. 1985లో స్థాపించిన దీనికి 1998లో పొట్టి శ్రీరాములు పేరు, 2025లో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టబడినవి.

విశ్వకళాపరిషత్తా, విశ్వవిద్యాలయమా

పేరును తెలుగు చేయడం మరొక సమస్య. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడినది. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం లేదు. అది 1953లో వచ్చినది. అంటే ఇక్కడ 'ఆంధ్ర' అనే మాట రాష్ట్రాన్ని కాక ప్రజలను, భాషను సూచించినది. మొదట బెజవాడలో ఉన్న ఈ సంస్థ 1930లో వాల్తేరుకు తరలినది. కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపాధ్యక్షులు. తెలుగులో దీనికి ఆనాటి నుండి 'ఆంధ్ర విశ్వకళాపరిషత్తు' అనే చక్కని పేరు ఉన్నది. నేడు పత్రికలు ఆంధ్రా యూనివర్సిటీ అనీ, పాఠ్యపుస్తకాలు ఆంధ్ర విశ్వవిద్యాలయమనీ, విద్యార్థులు ఏయూ అనీ అంటారు. ఆంగ్లంలో లేని ఈ నాలుగు రూపాల తగవు తెలుగులో ఉన్నది. విశ్వకళాపరిషత్తు అనే పేరు సంస్థ స్వయంగా పెట్టుకున్నది, విశ్వవిద్యాలయం అనేది సాధారణ అనువాదం. మొదటిదానిని 'పాతబడిన మాట' అని పూర్తిగా తొలగించడం తగదు.

ఇచ్ఛాపురం దాటగానే ఒడిషాలో 1967లో స్థాపించబడిన బరంపురం విశ్వవిద్యాలయం ఉన్నది. తెలుగువారికి ఆ ఊరు బరంపురం, ఒడియాలో బ్రహ్మపుర, విశ్వవిద్యాలయపు ఆంగ్ల నామంలో బెర్హంపూర్. పశ్చిమ బెంగాలు ముర్షిదాబాదు జిల్లాలో దాదాపు ఇదే పేరుగల మరొక పట్టణం ఉన్నది. ఈ వ్యాసాలకు లింకులు ఇచ్చేవారు ఏ బరంపురమో చూసుకోవాలి.

విజ్ఞానసర్వస్వంలో పద్ధతి

పొడి అక్షరాలపై తగవు మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయం రెండూ యూఎస్‌సీ అనే అక్షరాలను వాడుకుంటాయి. ఒకదానిపై ఒకటి అల్లుకున్న 'ఎస్‌సీ' అక్షరాల ముద్ర విషయంలో 2010లో అక్కడి ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం దక్షిణ కరోలినాకు వ్యతిరేకంగా తీర్పు చెప్పినది. ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయం తన పేరుకు ముందుండే 'ది' అనే మాటకు దుస్తులు, టోపీలపై వాడకం నిమిత్తం 2022లో వాణిజ్యముద్ర హక్కు సంపాదించినది. వాణిజ్యముద్ర హక్కు వ్యాపారానికి సంబంధించినది, విజ్ఞానసర్వస్వపు శీర్షికను అది నిర్ణయించదు.

ఆంగ్ల వికీపీడియా మార్గదర్శకాల ప్రకారం, నమ్మదగిన మూలాలలో ఎక్కువగా కనిపించే పేరును శీర్షికగా ఎంచుకోవాలి. ఒక సంస్థ దాదాపు పొడి అక్షరాలతోనే ప్రసిద్ధమై, ఆ అక్షరాలు ఇతరులను సూచించనప్పుడే వాటిని శీర్షికగా పెట్టాలి. శ్రీకాకుళం జిల్లాలో ఈ రెండు షరతులనూ నెరవేర్చే పేరు కనబడదు. తెలుగు వికీపీడియాలో ఒకే పేరుగల విషయాలకు 'అయోమయ నివృత్తి' అనే పేజీ పెడతారు. తెలుగుకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటున్నది: ఎ.యు., ఏయూ, ఏ.యూ. అని ఒకే అక్షరాలను పలు విధాలుగా వ్రాస్తారు. హ్రస్వదీర్ఘాలు, చుక్కలు మారితే వెదికే యంత్రానికి అవి వేర్వేరు మాటలే. బీఆర్‌ఏయూ వంటి పేరుకు అరడజను దారిమార్పులు అవసరమవుతాయి.

ఎచ్చెర్ల విశ్వవిద్యాలయపు వ్యాసానికి 'డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం, శ్రీకాకుళం' అని ఊరితో కలిపి పేరు పెట్టడం ఉచితం. 'ఊరి పేరు చేర్చితే మా విశ్వవిద్యాలయాన్ని చిన్నబుచ్చినట్లు కాదా' అని కొందరు పూర్వ విద్యార్థులకు అనిపించవచ్చు. కాని దేశంలోని ఇన్ని అంబేద్కర్ విశ్వవిద్యాలయాల మధ్య, పలాస నుండి వచ్చిన విద్యార్థి చదివినది ఏదో ఊరి పేరు వల్లనే తెలుస్తుంది.