బోర్డు లేని దుకాణాలు

మా దుకాణాలకు చాలాకాలం బోర్డుల్లేవు. అవసరమే పడలేదు. చెట్టుకొమ్మకు పాత టైరు వేలాడితే అది పంక్చర్ల కొట్టు. వింటినారి టంగుటంగుమంటే ఆ వాడలో దూది ఏకి పరుపులు కుడతారు. చిన్న గుంతలో నిప్పులు, పక్కన తోలుతిత్తి, పైన నవాసాగరం తెల్లపొగ కనిపిస్తే అక్కడ గిన్నెలకు కళాయి పెడతారు. చదువు అందని ఊళ్లలో అక్షరం కంటే చప్పుడూ, పొగా ముందు చేరేవి.

ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు చిలుమెక్కి విషం కాకుండా తగరం పూత పూసింది మేం. పూత నిలవకపోతే ఆ సంగతి మర్నాడే బావి దగ్గర తెలిసిపోయేది. నిలిస్తే కోడలి పుట్టింటిదాకా పోయేది. నీళ్లకొచ్చిన ఆడవాళ్ల మాటే మాకు ప్రకటన. ఆ మాటను డబ్బిచ్చి కొనలేం, పనిచేసి సంపాదించుకోవాల్సిందే. హైదరాబాదు లాడ్ బజార్‌లో లక్కను నిప్పుల మీద మెత్తబరిచి, వంచి, ఒక్కో రాయీ అద్దిన గాజులు ఏ మతం పెళ్లికూతురి చేతికైనా ఎక్కాయి. వాటికి భౌగోళిక గుర్తింపు దక్కింది 2024లో. జనం గుర్తింపు ఎన్నో తరాల ముందే దక్కింది.

అయితే ఈ ఎరుకను తీపిగా మాత్రమే చెప్పుకోలేం. పని పేరే మా పేరయింది. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా... ఒకే జనానికి ఇన్ని పేర్లు. అందులో పింజారిని తెలుగువాళ్లు తిట్టు చేశారు. ఆ దూది మీదే పడుకుని ఆ మాటతోనే తిట్టారు.

ముస్లిములంటే నవాబులూ జాగీర్దార్లే అనేవాళ్లు 2007 నాటి చట్టం చూడాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన ముస్లిములకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చిన ఆ జాబితాలో అత్తరు అమ్మే అత్తరు సాయిబులున్నారు, రాళ్లు కొట్టే తురక కాశలున్నారు, మాంసం కొట్టే ఖసాబులున్నారు. దూదేకులవారు అంతకు ముందునుంచే వెనుకబడిన కులాల్లో ఉన్నారు. రాజుల చరిత్రలో మేం లేం. మా చరిత్ర ఈ పనుల పేర్లలో ఉంది.

స్టీలు, అల్యూమినియం గిన్నెలొచ్చి కళాయిని తినేశాయి. ఫోము పరుపులొచ్చి వింటినారి చప్పుడును మింగేశాయి. బతుకుతెరువు మార్చుకుని పండ్ల బండో, టీ కొట్టో పెట్టుకున్నాం. ఇప్పుడు మా పేరు బోర్డు మీద కావాలంటున్నారు. 2022లో కర్ణాటకలో కొన్ని గుళ్ల జాతరల్లో ముస్లిం వ్యాపారులను దుకాణాలు పెట్టుకోనివ్వలేదు. 2024 జులైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలోని తిండి దుకాణాల ముందు యజమానుల పేర్లు రాయాలన్నారు. అదే నెల 22న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో దాన్ని ఆపింది. కోర్టు ఆపింది సరే, ఆ కోరికను ఎవరాపుతారు?

మేం పేరు దాచుకున్నదెప్పుడు? మా కొట్టును ఊరంతా 'సాయిబు కొట్టు' అనే పిలిచింది. ఆ పిలుపులో ఒక్కోసారి వేళాకోళం ఉండేది, అరువు ఖాతా ఉండేది, పని మీద నమ్మకం ఉండేది. ఇప్పుడడిగే పేరుకు వీటితో పనిలేదు. గిన్నె ఎలా ఉందో, టీ ఎలా ఉందో అడగరు. పేరు చదివి పక్క దుకాణానికి పోతారు.

మమ్మల్ని పనితో ఎరిగిన ఊరు ఇంకా బతికే ఉంది. ఆ ఊరు నోరు విప్పాలి.