చెన్నపురి రైలువాకిలి: రాయపురం నుంచి సెంట్రల్ దాకా

ఉగాదినాడు మన సంఘంవారు నలుగురూ చేరి వేపపూత పచ్చడి పుచ్చుకొన్న తరువాత మాటలు ఎప్పుడూ ఒక దారినే పడతాయి. "మీవారు ఈ ఊరు ఎప్పుడు వచ్చారండీ?" అని ఒకరు అడుగుతారు. "మా తాతగారు మెయిలు దిగి వచ్చారు" అని మరొకరు చెబుతారు. తక్కిన కథంతా సెంట్రల్ స్టేషను మెట్లమీదనుంచే ఆరంభమవుతుంది. ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, ఆవకాయ జాడీ, చేతిలో ఎవరిదో చిరునామా. ఈ కథలు వినగా వినగా చెన్నపురి తెలుగువారందరూ ఆ స్టేషనులోనే పుట్టినారా అనిపిస్తుంది!

ఈ మాటలో నిజమెంత? ఈ సంవత్సరం సంచికకు ఆ స్టేషను చరిత్రను కొంచెం తరచి చూదామనుకొన్నాము. చూడగా మాకు తేలిన సంగతి ఇది: రైలు మనలను ఈ నగరానికి కొత్తగా తీసుకొని రాలేదు. అప్పటికే మనము నడిచిన బాటల మీదనే అది పట్టాలు పరచింది.

రైలుకు పూర్వం

చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాషీగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీయాత్రకు బయలుదేరినది 1830 మే 18న. నగరానికి ఉత్తరాన తొండియారుపేటలో మొదలుపెట్టి, తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపురం మీదుగా కాశీ చేరి, జగన్నాథం మీదుగా తిరిగి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు 3 అయింది. పదిహేను నెలల పైమాట. బోయీలు, పల్లకి, వంటసామాను, వెంట పెద్ద పరివారం. ఆయన 'కాశీయాత్రచరిత్ర' 1838లో అచ్చయింది. ఆయన పల్లకి బయలుదేరిన తొండియారుపేటకు ఆనుకొని దక్షిణాన ఉన్నదే రాయపురం. ఇరవై ఆరేళ్ళ తరువాత దక్షిణదేశపు తొలి పొగబండి కదిలినది అక్కడినుంచే.

అప్పటికే ఈ నగరంలో తెలుగు వర్తకులున్నారు, దుబాషీలున్నారు, పండితులున్నారు. గాజుల లక్ష్మీనరసుసెట్టిగారు 1844లో 'క్రెసెంట్' పత్రిక పెట్టారు, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించారు. తెలుగు వాఙ్మయాన్ని చేతులారా కాపాడిన బ్రౌను దొర 1855లో స్వదేశానికి వెళ్ళిపోయారు. ఆయన ఈ ఊళ్ళో రైలు ఎక్కనే లేదు.

రైలుకు ముందు మనవారికి మరొక దారి ఉండేది. అది నీటిదారి. 1806లో కొక్రేను అనే ఆయన ఎన్నూరు వైపు ఒక కాలువ తవ్వించినాడు. అది క్రమక్రమంగా పులికాటు, దుగరాజపట్నం దాటి, చివరకు పెదగంజాము వద్ద కృష్ణాడెల్టా కాలువలతో కలిసింది. 1877-78 కరవు పనుల్లో నగరం లోపలి భాగం పూర్తికాగా, నాటి గవర్నరు పేరిట 1878లో దానికి బకింగ్‌హాము కాలువ అని పేరు పెట్టారు. నెల్లూరు, గుంటూరు సీమల బియ్యం, వంటచెరకు, ఉప్పు పడవలమీద వచ్చి పట్నంలోని బేసినులో దిగేవి. సెంట్రలుకు ముందు వచ్చే 'బేసిన్ బ్రిడ్జి' స్టేషను పేరు ఆ పడవల రేవు జ్ఞాపకమే. ఇప్పుడు అక్కడ బండి నెమ్మదించగానే మనము సామాను దింపుకొంటాము. మన పూర్వులు సామాను దింపుకొన్న తావూ అదే.

రాయపురం

'రాయపురం' అనగానే మనవారు రాయలవారిని తలచుకొంటారు గాని, ఆయనకూ దీనికీ సంబంధం లేదు. అక్కడి క్రైస్తవ పడవవాండ్రు కొలిచే సెయింట్ పీటరును తమిళంలో రాయప్పర్ అంటారు. ఆ పేటకు పేరు అలా వచ్చింది.

మద్రాసు రైల్వే కంపెనీ వారు 1853లో పని మొదలుపెట్టారు. కోట, నల్లవారిపట్నం, ఓడలాగే తీరం మూడూ దగ్గరే కనుక రాయపురాన్ని ఎంచుకొన్నారు. 1856 జూన్ 28న గవర్నరు హారిస్ ప్రభువు స్టేషనును తెరిచినారు. జూలై 1 నుంచి ప్రజలకు బండ్లు నడిచినవి. రాయపురంనుంచి ఆర్కాటు సమీపాన ఉన్న వాలాజా రోడ్డు వరకు, సుమారు 65 మైళ్ళు. పెట్టెలు ఈ ఊళ్ళోని సింప్సన్ కంపెనీలోనే తయారైనవి.

బొంబాయిలో 1853లో తొలిబండి కదిలిన నాటి స్టేషను ఇప్పుడు లేదు. హౌరాలో 1854 నాటిదీ లేదు. మనదేశంలో నిలిచి ఉన్న స్టేషను భవనాల్లో అన్నిటికంటె పాతది రాయపురమే. వరుస స్తంభాల ముంగిలితో ఆ కట్టడం నేటికీ ఉన్నది. చాలాకాలం పాడుపడి ఉండగా 2005లో బాగుచేశారు. దాని ముందునుంచి సాగే లోకల్ బండ్లలో ఎంతమంది తల ఎత్తి చూస్తారో చెప్పలేము.

ఏ సీమకు ఎప్పుడు

ఈ ఘట్టంలో మాకే ఆశ్చర్యం కలిగించిన విషయం ఒకటున్నది. మద్రాసుకు తెలుగుసీమలన్నీ ఒకేసారి దగ్గర కాలేదు. అరక్కోణంనుంచి రేణిగుంట, కడప, గుత్తి, గుంతకల్లు మీదుగా రాయచూరు చేరిన దారి 1871లో పూర్తయి బొంబాయి లైనుతో కలిసింది. అంటే రాయలసీమవారు 1871 నాటికే బండెక్కి చెన్నపట్నం రాగలిగారు. సర్కారు జిల్లాలవారికి ఆ భాగ్యం ఆలస్యంగా పట్టింది. సికింద్రాబాదునుంచి నిజాం రైలు 1889లో బెజవాడ చేరింది. బెజవాడనుంచి మద్రాసుకు నేరుగా దారి ఏర్పడినది 1899లో. ఆ మరుసటి సంవత్సరమే రాజమహేంద్రవరం వద్ద గోదావరి వంతెన పూర్తయింది. దానితో కలకత్తా దారి కలిసింది. 1920ల చివర కాజీపేట, బల్లార్షాల నడుమ దారి పడిన తరువాత ఢిల్లీ గ్రాండ్ ట్రంక్ కూడా ఓరుగల్లు సీమ మీదుగానే మద్రాసు రాసాగింది.

కాబట్టి మన సంఘంలో కడప, అనంతపురంవారు "మేమే ముందు వచ్చాము" అంటే, గోదావరి, కృష్ణాజిల్లాలవారు కోపగించుకోనక్కరలేదు. రైలు విషయంలో అది నిజమే. పడవ విషయంలో మాత్రం నెల్లూరువారిదే పైచేయి!

సెంట్రల్

రాయపురం ఇరుకు కావడంతో పార్కుటౌనులో రెండవ స్టేషను 1873లో వెలసింది. మొదటి నమూనా జార్జి హార్డింగుది. గడియార గోపురం వగైరా హంగులు చిజం దొర చేర్చినవి. ఆ గోపురం ఎత్తు 136 అడుగులు. 1907లో కంపెనీవారు దీనినే ప్రధాన స్టేషనుగా చేసుకొన్నారు. 1908లో ఎగ్మూరు భవనం వచ్చి దక్షిణాది బండ్లు అక్కడ ఆగసాగినవి. అందుచేత తంజావూరు, మధుర చుట్టాలను పంపడానికి ఎగ్మూరు, బెజవాడ చుట్టాలను తేవడానికి సెంట్రల్ అనే వాడుక మన ఇళ్ళలో స్థిరపడింది. రాయపురంలోని కంపెనీ కచేరీ కూడా 1922లో సెంట్రల్ పక్కన కట్టిన పెద్ద భవనానికి తరలింది. 1951లో దక్షిణ రైల్వే ఏర్పడగా అదే దాని ప్రధాన కార్యాలయమైంది.

ఆ మెట్లు దిగినవారు ఎవరు? 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడేవరకు తెలుగుదేశంలో పట్టం కావాలంటే మద్రాసు విశ్వవిద్యాలయమే గతి. 1954 జూలైలో గుంటూరులో హైకోర్టు వచ్చేవరకు సర్కారు, సీమ జిల్లాల అప్పీళ్ళన్నీ ఇక్కడికే. దస్తావేజుల మూట చంకనబెట్టుకొని వాయిదాకు వచ్చిన రైతు, పరీక్ష ఫీజు మొలకు కట్టుకొని వచ్చిన కుర్రవాడు, వ్రాతప్రతి సంచితో అచ్చాఫీసు వెదుక్కొనే కవి, వేషంకోసం వచ్చిన నటుడు అందరూ ఆ వాకిలినే వచ్చారు. ఆ దారినే పోయినవీ ఉన్నవి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1914లో ఇక్కడ దినపత్రిక చేసిన ఆంధ్రపత్రిక, 1938లో వచ్చిన ఆంధ్రప్రభ, వావిళ్ళవారి పుస్తకాలు ఇక్కడే అచ్చై తెలుగు జిల్లాలకు వెళ్ళినవి. మనుషులు రావడం, అక్షరాలు పోవడం. ఈ రెండింటికీ సెంట్రలే గుమ్మం.

వెళ్ళినవారు, ఉన్నవారు

1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములుగారు మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట నిరాహారదీక్ష పూనినారు. డిసెంబరు 15న అసువులు బాసినారు. తెలుగు జిల్లాలు అట్టుడికినవి. కోస్తాలో రైళ్ళు నిలిచిపోయినవి. నాలుగు రోజులకు ఆంధ్రరాష్ట్రం ప్రకటన వచ్చింది. 1953 అక్టోబరు 1న రాష్ట్రం అవతరించింది గాని, "మదరాసు మనదే" అన్న కోరిక తీరలేదు. రాజధాని కర్నూలు అయింది.

అప్పుడు ఈ నగరంలోని తెలుగు కుటుంబాలకు ఒక ప్రశ్న ఎదురైంది. ఉండడమా, వెళ్ళడమా? కర్నూలు దారి గుంతకల్లు, ద్రోణాచలం మీదుగా. గుంతకల్లు దాకా 1871లో మనవారిని పట్నానికి చేర్చిన పట్టాలే. తాతలు ఏ బండి దిగినారో మనుమలు ఆ బండే ఎక్కవలసి వచ్చింది. ఒకే ఇంట అన్నగారు ఉద్యోగం వెంట వెళ్ళినారు, తమ్ములుగారు దుకాణం వదలలేక ఉండిపోయినారు. మనము ఆ ఉండిపోయినవారి సంతతి. అందుచేత సెంట్రల్ అంటే మనకు వచ్చిన గుమ్మమే కాదు, అయినవారిని సాగనంపిన గుమ్మం కూడాను. దీనిలో ఎవరిమీదా నిష్ఠూరం లేదు. ఈ ఊరు మనకు అన్నం పెట్టింది. తమిళ సోదరులు పొరుగు పంచారు. అయినా ఆ ప్లాట్‌ఫారం మీద నిలుచున్నప్పుడు గొంతుకు ఏదో అడ్డుపడుతుందని పెద్దలు చెప్పడం మేము విన్నాము.

పోయినవి, మిగిలినవి

స్టేషను పక్కన 1900లో తెరచిన మూర్ మార్కెట్టు ఉండేది. బండికి గంట ముందే వచ్చి అక్కడి పాతపుస్తకాల అంగళ్ళలో తెలుగు పుస్తకాలు వెదకడం మనవారికొక వ్యసనం. 1985లో అది అగ్నికి ఆహుతి అయింది. ఆ తావున ఇప్పుడు లోకల్ బండ్ల స్టేషను ఉన్నది. 2018లో నేలక్రింది మెట్రో కూడా అక్కడికి చేరింది. నగరం పేరు 1996లో చెన్నై అయింది. స్టేషనుకు 2019లో ఎం.జి. రామచంద్రన్‌గారి పేరు పెట్టారు. ఆటోవానితో మాత్రం అందరమూ "సెంట్రల్" అనే చెబుతాము. విజయవాడ బండికి 'పినాకిని' అని మన పెన్నానది పేరున్నది. అది బోర్డుమీద కనిపిస్తే మనసు చల్లబడుతుంది.

రాయపురం స్తంభాలను బాగుచేయడానికి ప్రభుత్వమున్నది. ఫలానా సంవత్సరం, ఫలానా బండిలో, ఫలానా ఊరినుంచి మన ఇంటివారు వచ్చారన్న మాటను బాగుచేసి ఉంచడానికి మనము తప్ప ఎవరున్నారు? మన పిల్లల్లో చాలామందికి ఆ ఊరి పేరు తెలియదు. కొందరు ఈ వ్యాసాన్నే చదవలేరు. చదవలేనివారికి చదివి వినిపించండి. ఈ పండుగనాడు ఇంటిలోని పెద్దవారి దగ్గర కూర్చొని, ఎప్పుడు వచ్చారు, ఎందుకు వచ్చారు, మొదటి రాత్రి ఎవరింట తలదాచుకొన్నారు అని అడిగి, ఒక కాగితంమీద తెలుగులో వ్రాసి పెట్టండి. ఆ కాగితాలు సంఘానికి అందజేస్తే వచ్చే ఉగాది సంచికలో వరుసగా అచ్చువేయగలమని మనవి.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.